అవి వేరే గ్లాసులు

మా నడిమిల్లును నేను కరీంనగర్‌లో ఒక బల్ల మీద చూశాను.

మా ఇంటి నడిమి గదినే అట్టతో, చెక్కపేళ్లతో చిన్నగా చేసి పెట్టారు. మొత్తం కలిపి ఒక చేటంత ఉంటుంది. ముందు గోడ లేదు. చూసేవాళ్లు వంగి లోపలికి చూడాలి. నేనూ వంగాను. నీలం సున్నం వేసిన గోడ, దాని మీద వానకు దిగిన చెమ్మ మరక. కిటికీ కింద నా కుట్టుమిషను. పక్కన ఒక కోడు కురచైన స్టూలు, ఆ కోడు కింద మడిచిపెట్టిన కాగితం కూడా ఉంది. గోడలోని గూట్లో స్టీలు పళ్లెం, పళ్లెం నిండా చిన్న చిన్న గ్లాసులు, వాటి మీద సగం జరిపిన తెల్లబట్ట.

ముందు నాకు సంతోషమే కలిగింది. మా ప్రిస్కిల్లా చేసిందనుకున్నాను. అది ఇక్కడ బొమ్మల కాలేజీలో ఆఖరి ఏడాది చదువుతోంది. ఎవరి యాదిలో ఉన్న గదిని వాళ్లు చిన్నగా కట్టి చూపాలని సార్లు చెప్పారట. "నువ్వూ బాపూ రావాలె" అని ఫోన్ల మీద ఫోన్లు చేసింది. వాళ్ల బాపుకు పసుపు ఉడకబెట్టే పని తెగలేదు. నేనొక్కదాన్నే ఖానాపూర్‌లో తెల్లవారే బస్సెక్కి, జగిత్యాలలో మారి వచ్చాను.

కానీ ఆ బల్ల పక్కన నిలబడి నలుగురికీ చెబుతున్నది నా బిడ్డ కాదు. పద్మలత.

పద్మలతది సిరిసిల్ల వైపు ఊరు. వాళ్ల నాన్న లక్ష్మీరాజం కూలికి మరమగ్గాలు నడుపుతాడు. హాస్టల్లో నా బిడ్డా తనూ ఒకే గదిలో ఉంటారు. మొన్న శీతాకాలం సెలవుల్లో మా ఇంటికి వచ్చి రెండు పూటలు ఉండి వెళ్లింది. నెమ్మదైన పిల్ల. నేను జనం వెనక నిలబడ్డాను, తన మాట పూర్తయ్యాక పలకరిద్దామని.

"మా నానమ్మ చంద్రవ్వ ముందుగాలనే చెప్పింది," అంటోంది పద్మలత. "పోతె పో బిడ్డా, గని వాళ్లింట్ల నీళ్లు ముట్టకు అన్నది. బస్సు దిగేసరికి నాకు బాగ దూపైంది. ఇంట్లకు పోంగనె గీ గూట్ల గిలాసలు కనవడ్డయి. చెయ్యి చాపిన. గా ఇంటి ఆంటీ ఉరికొచ్చింది. 'అవి ముట్టకు బిడ్డా, అవి వేరే' అన్నది. లోపటికి పోయి నాకు మంచి గిలాసల నీళ్లు తెచ్చిచ్చింది."

"అంటే?" అంది ముందున్న ఒక కళ్లద్దాల ఆమె.

"అంటే గవి వాళ్లు తాగే గిలాసలు మేడమ్. వాళ్ల ఎంగిలి మనకు తాకద్దని, వాళ్లే, వాళ్ల సొంత ఇంట్ల, వాళ్ల గిలాసలు వేరే పెట్టుకున్నరు. హోటళ్లల్ల మనం వాళ్లకు వేరే పెట్టినమని చదివిన. గా పద్ధతి వాళ్ల ఇంటి దాంక పోయింది. నాకు సిగ్గయింది. గందుకే గీ గది చేసిన."

కళ్లద్దాల ఆమె కళ్లు తుడుచుకుంది. ఎవరో ఫోటో తీశారు. పళ్లెం దగ్గరికి ఫోను పెట్టి మరీ తీశారు.

నేను జనాన్ని తప్పించుకుని ఒక అడుగు ముందుకు వేశాను.

అవేమిటో చెబుతాను. మా ఆయన ఫిలిప్ మా సంఘంలో స్టీవర్డు, అంటే గుడి సామాను, కానుకలు చూసుకునేవాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం మా గుడిలో ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, బొటనవేలంత గ్లాసులో ద్రాక్షరసం. ఆ గ్లాసులు గుడిలో పెడితే ఎలుకలు తిరుగుతాయని మా ఇంట్లో ఉంచుతారు. శనివారం నేను తలంటుకొని, వేడినీళ్లు కాచి వాటిని కడిగి, ఆరబెట్టి, తెల్లబట్ట కప్పి గూట్లో పెడతాను. ఆ తర్వాత మా ఇంట్లోవాళ్లు కూడా ముట్టరు. ఆ పిల్ల వచ్చింది శనివారం.

మా తాతల నాడే మిషనోళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు మావి. దేవుడు మారినా ఊళ్లో మమ్మల్ని పిలిచే పేరు మారలేదు. ఖానాపూర్ హోటల్లో మా మామకు చాయ్ పోసిన గ్లాసు చూరులో చెక్కి ఉండేది. తాగి ఆయనే కడిగి మళ్లీ అక్కడే చెక్కాలి. అలాంటి మనిషి ఆదివారం అందరితో పాటు మోకరించి తాగింది ఈ పళ్లెంలో నుంచే. దాన్నే ఈ పిల్ల చూరులో గ్లాసును చేసింది.

"ఆంటీ! ఎప్పుడొచ్చిండ్రు?" పద్మలత నన్ను చూసేసింది. మొహం విప్పారింది. జనం వైపు తిరిగి, "మేడమ్, గీ ఆంటీ వాళ్ల ఇల్లే ఇది!" అంది.

అందరూ తిరిగి చూశారు. నా చీర చూశారు, సంచి చూశారు. కళ్లద్దాల ఆమె ముందుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మమ్మల్ని క్షమించు తల్లీ," అంది.

ఆమె చేతులు మెత్తగా ఉన్నాయి. నేను నా చేతులు లాక్కున్నాను.

"ప్రిస్కిల్లా ఏడున్నది?" అని అడిగాను.

"వెనక అర్రల ఉన్నది ఆంటీ. దాని బల్ల అన్నిటికన్న కొసకు వచ్చింది."

వెనక గదిలో జనం లేరు. ఫ్యాను కింద ప్రిస్కిల్లా ఒంటరిగా కూర్చుంది. నన్ను చూసి లేచి, సంచి అందుకోబోయింది. నేను ఇవ్వలేదు. దాని బల్ల మీద కూడా మా నడిమిల్లే ఉంది. అదే నీలం గోడ, అదే మిషను. ఇందులో వాళ్ల బాపు టార్చిలైటు మేకుకు వేలాడుతోంది, మా అత్త సత్తవ్వ నులక మంచం ఉంది. పద్మలతకు తెలియనివి ఇందులో ఎన్నో ఉన్నాయి. గూడు ఉంది. గూట్లో ఏమీ లేదు.

"గూట్ల పళ్లెం ఏదే?"

"పెట్టలే అవ్వా."

"ఎందుకు పెట్టలే?"

అది తల వంచుకుంది. "ముందుగాల పెట్టిన. మళ్ల తీసిన."

దగ్గరగా చూస్తే గూట్లో జిగురు మరక కనబడింది, గుండ్రంగా.

"పద్మ చెప్పుడు ఇన్నవా నువ్వు?"

"ఇన్న."

"ఎన్ని దినాల సంది ఇంటున్నవు?"

"అది కడుతున్నప్పటి సంది." ప్రిస్కిల్లా గొంతు తగ్గించింది. "నేను చెప్దామనే అనుకున్న. గప్పటికే సారు చూసి మస్తు మెచ్చుకున్నడు. హైదరాబాద్‌ల పెద్ద ప్రదర్శనకు పంపుతమంటున్నరు. నా గదిల గుడ అవే గిలాసలుంటే, ఇవేంది అని అడుగుతరు. అడిగితె నేను చెప్పాలె. చెప్తె దానిది అబద్ధమైతది."

"అయితె అయితది!"

"అవ్వా, జర మెల్లగ."

"ఎందుకే మెల్లగ? మనం ఎవలింట్లనన్న దొంగతనం జేసినమా? ప్రభువు పళ్లెం తీసుకపోయి చాయ్ దుకాణంల పెట్టింది ఆ పిల్ల. నువ్వేమొ దానికి ఇబ్బందైతదని మన గూడు ఖాళీ జేసినవు!"

"నీకు తెల్వదవ్వా." దాని కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ మొండిగా నా వైపే చూసింది. "హాస్టల్ల అందరు నాతోని నవ్వుతరు, మాట్లాడుతరు, పక్కన కూసోని తింటరు. గని నా పళ్లెంల చెయ్యి పెట్టి తినేది పద్మ ఒక్కతే. మొదటి ఏడు సంది అది ఒక్కతే. దాన్ని అందరి ముంగట అబద్ధాలదాన్ని చెయ్యుమంటవా?"

ఆ మాటకు నా కోపం తగ్గాలి. తగ్గలేదు. ఒకరు నా బిడ్డ పళ్లెంలో చెయ్యి పెట్టినందుకు మేము ప్రభువు పళ్లెం ఇచ్చుకోవాలా? మనుషులు మనుషులతో తినడానికి కూడా ఇంత కిరాయి కట్టాలా?

"దాన్ని నేను అబద్ధాలదంటలేను," అన్నాను. "తెల్వక చేసింది. తెలిసినదానివి నువ్వు. నీ నోటితోని నువ్వు చెప్పు. నీ కాలేజి ఇది, నీ సార్లు వీళ్లు. నువ్వు చెప్తెనే ఇంటరు."

"నాతోని గాదు," అంది ప్రిస్కిల్లా.

నేను ముందు గదిలోకి వచ్చేశాను.

వాళ్లకు చదువు చెప్పే సాయిచంద్ సారు పద్మలత బల్ల దగ్గరే ఉన్నాడు. చిన్న వయసు, మర్యాద తెలిసినవాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, పద్మలత వింటుండగానే. ఆ పిల్ల మొహం మెల్లగా పాలిపోయింది.

"గుడివా?" అంది. "నేను చాయ్ గిలాసలనుకున్న ఆంటీ. చిన్నగున్నయి గదా."

"చాయ్ గిలాస నా బొటనేలంత ఉంటదా? దానితోని ఎవల దూప తీరుతదే? నువ్వు కట్టినదాంట్ల స్టూలు చిన్నది, మిషిను చిన్నది, అన్నీ చిన్నయే అయినయి. అవి అసలుకే ఎంత చిన్నయో చూసేటోళ్లకు ఎట్ల ఎర్కయితది?"

"అమ్మా, మీరు కూర్చోండి," అన్నాడు సారు. "మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఒక్క మాట. యాది అంటే రికార్డు కాదు. ఆ దినం ఆ పిల్లకు ఏం కనిపించిందో, ఏమనిపించిందో అది కట్టింది. తప్పుగ అనుకున్నా అది ఆమె యాదే కద."

"యాది ఆమెది సారూ. ఇల్లు నాది."

సారు వంగి బల్ల అంచు కింద చూశాడు. తర్వాత, "పోనీ, కింద ఒక చీటీ పెడదాం, ఇవి గుడి గ్లాసులని," అన్నాడు.

"చీటీ ఎవలు చదువుతరు? ఈ పిల్ల నోటితోని చెప్తుంటె ఏడుస్తుండ్రు గని, చీటీలు చదివి ఏడుస్తలేరు."

పద్మలత అప్పుడు మాట్లాడింది. ఎదిరించినట్టు కాదు, నిజంగా తెలియక అడిగినట్టు. "ఆంటీ, మీరే అన్నరు గదా, అవి వేరే అని. గదే మాట అన్నరు. నేను మర్చిపోలే. మళ్ల గుడిల గుడ తలా ఒక గిలాస అంటె, గవి వేరే వేరే గిలాసలే గదా?"

నాకు మా అత్త మాట గుర్తుకొచ్చింది.

నా చిన్నతనంలో గుడిలో ఒకటే పాత్ర ఉండేది. పాస్టరు అయ్యగారు దాన్ని తుడిచి తుడిచి ఒకరి తర్వాత ఒకరికి అందించేవారు. రోగాలు అంటుకుంటాయని తర్వాత పెద్దలు ఈ చిన్న గ్లాసులు తెచ్చారు. మొదటిసారి వాటిని చూసినప్పుడు మా అత్త సత్తవ్వ, "ఇగ మనం గుడ గిలాసలు వేరు చేసుకున్నమా?" అని గట్టిగా అంది. గుడి గుడంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఇక ఆ మాట. అవి వేరే. అయ్యగారు ఎన్నోసార్లు చెప్పారు, పరిశుద్ధమంటే వేరుగా ఉంచబడినదని. అందుకే ఆ మాట నా నోట వచ్చింది. కానీ మా మామ గ్లాసును చూరులో చెక్కిన హోటలాయన కూడా అదే మాట అనేవాడు. ముట్టకు, అది వేరే. దేవుని పళ్లానికీ మా వాడకూ మనుషులు ఒకే మాట ఎందుకు వాడుతున్నారో నాకు తెలియదు. ప్రభువును అడగాలి. కానీ అది ప్రభువుకూ నాకూ మధ్య మాట. ఈ బల్ల మీద అడిగే మాట కాదు.

"మా గుడిల వేరే వేరే గిలాసలే," అన్నాను. "గని ఒక్క పళ్లెంలకెల్లి తీసుకుంటం, ఒక్కసారే తాగుతం. ఎవలది ఏదో ఎవలకు తెల్వదు. నేను కడిగిన గిలాస అయ్యగారికి పోతదో, ఊడ్చే కొమురవ్వకు పోతదో నాకు తెల్వదు. నువ్వు చెప్పే కథల గిట్లున్నదా?"

పద్మలత తల అడ్డంగా ఊపింది.

"మరి పళ్లెం తియ్యి."

"తీస్తె గదిల ఏముంటది ఆంటీ?" ఆ పిల్ల బల్లకు అడ్డంగా నిలబడింది. "గదే గదా నా గది."

సారు ఇద్దరి మధ్యకూ వచ్చాడు. మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి ఎంపిక చేసేవాళ్లు వస్తున్నారు, అప్పటిదాకా దేన్నీ కదపవద్దన్నాడు. నన్ను బయట చెట్టు కింద కూర్చోమన్నాడు. చాయ్ తెప్పిస్తానన్నాడు. ఆ వేళ చాయ్ అన్న మాట వింటేనే ఒళ్లు మండింది.

నేను బయటికి పోలేదు. గోడ వారకున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాగి ఆ బల్ల పక్కన వేసుకుని కూర్చున్నాను. నా ఇంటి ముందు నేను కూర్చుంటే ఎవరు కాదంటారు?

చూడవచ్చినవాళ్లు వస్తూనే ఉన్నారు. పద్మలత చెప్పడం మొదలుపెట్టేది. ఆమె ఆపగానే నేను అందుకునేదాన్ని. "గీ ఇల్లు నాది. గవి మా గుడి గిలాసలు. నేను కడుగుత." అంతే, అంతకన్నా చెప్పలేదు. కొందరు తడబడి పక్క బల్లకు వెళ్లిపోయారు. కొందరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. ఒకాయన ఇదంతా ఆ ప్రదర్శనలో భాగమేనా అని సారును అడిగాడు. కళ్లద్దాల ఆమె మళ్లీ వచ్చి, నా మాట విని, నొచ్చుకున్న మొహంతో, "ఆ పిల్ల మీ మంచి కోసమే చేసింది కదమ్మా," అంది.

"మా మంచి మమ్ములను అడిగి చెయ్యుమనుండ్రి," అన్నాను.

పద్మలత గొంతు చిన్నదవుతూ వచ్చింది. ఒకసారి నాకు వినిపించేట్టు, "మీరు నా మీద గింత కోపంగ ఉన్నరెందుకు ఆంటీ? నేను మీ ఇంట్ల నీళ్లు తాగిన. మా నానమ్మకు చెప్పలే గుడ," అంది.

"మా ఇంట్ల నీళ్లు తాగుడు నీకు గంత పెద్ద పనా బిడ్డా? దానికి గది గట్టి చూపియ్యాలె?"

ఆ పిల్ల ఏడ్చింది. ఏడుస్తుంటే నాకు జాలి కలిగింది. జాలి కలిగినందుకు ఇంకా కోపం వచ్చింది. ఆ గదిని అంత అందంగా చేసినందుకు కూడా కోపమే. రీఫిల్ గొట్టాన్ని సన్నగా కోసి గ్లాసులు చేసింది. మగ్గం మీది బట్ట ముక్క తెచ్చి అంచు కుట్టింది. నా చేత్తో నేను వేసిన అంచు కుట్టే అది. అంత చూసిన కళ్లకు అది ఏమిటని ఒక్క మాట అడగాలని తోచలేదు. నన్ను అడిగితే నేను చెప్పేదాన్ని. ప్రిస్కిల్లాను అడిగినా చెప్పేది. ఎవరినీ అడగక్కరలేదనుకుంది. మా గురించి తనకు ముందే తెలుసనుకుంది.

మధ్యాహ్నం హైదరాబాద్ వాళ్లు వచ్చారు. నెరిసిన గడ్డం ఆయన ఒకరు, ఖద్దరు చీర ఆమె ఒకరు. వెనక సారు, ఆ వెనక పిల్లలందరూ. వాళ్లలో ప్రిస్కిల్లా కూడా వచ్చి గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది.

గడ్డం ఆయన వంగి చాలాసేపు చూశాడు. "అద్భుతం," అన్నాడు. "ఈ గ్లాసుల గురించి చెప్పమ్మా."

పద్మలత నన్ను చూసింది. సారును చూసింది. "గవి వాళ్లు వేరే పెట్టుకున్న గిలాసలు అనుకున్న సార్," అంది. "కావంట."

"కావంటా?" ఆయన నవ్వాడు. "ఎవరన్నారు?"

"గీ ఆంటీ అంటున్నది."

కావంట. ఆ చివరి చిన్న ముక్కే నాకు వినబడింది. నా ఇంట్లో ఉన్నది ఏమిటో నేను చెబితే 'అంట' అయింది. తను చూసి ఊహించుకున్నది మాత్రం యాది అయింది. నేను కుర్చీలోంచి ముందుకు వంగాను, నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. నేను ఎంత గట్టిగా చెప్పినా అది ఇంకొక 'అంట' అవుతుంది. అందుకే గుమ్మం వైపు తిరిగి నా బిడ్డ మొహంలోకి చూశాను. బతిమాలుతూ చూడలేదు. నాకు ఎంత కోపంగా ఉందో అంత కోపంతో చూశాను.

ప్రిస్కిల్లా నేల చూసింది. పద్మలతను చూసింది.

"అంట కాదు సార్," అంది ప్రిస్కిల్లా. "కావు."

ఆయన వెనక్కి తిరిగాడు. "నీకెలా తెలుసు?"

"మా ఇల్లు అది. అవి మా గుడి గిలాసలు. కడిగి పెట్టినంక మేము గుడ ముట్టం. దానికి తెల్వక గట్ల అనుకున్నది. నాకు తెలిసి నేను చెప్పలే." గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. "వెనక అర్రల నా గది గుడ ఉన్నది సార్. గూడు ఖాళీగుంటది. ఎందుకో వచ్చి అడుగుండ్రి, చెప్త."

పద్మలత ఒక్క క్షణం ప్రిస్కిల్లాను చూసింది. తర్వాత చున్నీతో మొహం తుడుచుకుంటూ పిల్లల్ని తోసుకుని బయటికి వెళ్లిపోయింది. ప్రిస్కిల్లా పిలవబోయి ఆగింది. ఈ రాత్రి హాస్టల్లో ఆ రెండు పళ్లాలు ఎక్కడెక్కడ ఉంటాయో నాకు తెలియదు. ఆ సంగతి దానికీ ఆ క్షణంలోనే గుర్తుకొచ్చిందని మొహం చూస్తే తెలిసింది.

సారు ఖద్దరు చీర ఆమెకు ఏదో సర్దిచెబుతున్నాడు. గడ్డం ఆయన వెనక గది ఎటువైపని అడిగాడు. ప్రిస్కిల్లా ఆయనకు దారి చూపిస్తూ నా కుర్చీ పక్కనుంచే వెళ్లింది. నా వైపు చూడలేదు.

నేను లేవలేదు. తలుపు దగ్గర కొత్తవాళ్లు మరో నలుగురు వచ్చి నిలబడ్డారు. చెప్పేవాళ్ల కోసం చూస్తూ, బల్ల మీదికి వంగుతున్నారు.

"గీ ఇల్లు నాది," అన్నాను.